బార్బెల్ కోసం సెవర్న్, వై, ట్రెంట్: కొత్తవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి, రాత్రి ఎక్కడ ఉండాలి

ఇంగ్లండ్‌లో ఉంటూ నదిలో బార్బెల్ అనే చేపని పట్టాలని సరదా పుట్టినవాళ్లు ముందు సెవర్న్ నదికి వెళ్లండి, అందులోనూ బ్యూడ్లీ ఊరి నుంచి పైకి ఆర్లీ, హాంప్టన్ లోడ్ వైపు. వై నది అందంగా ఉంటుంది, జేబుకి మాత్రం చిల్లే. ట్రెంట్‌లో చేపలు పెద్దవే గానీ ఆ నది కొత్తవాళ్లకి లొంగదు. ఇక బస సంగతి: వేసవిలో నీళ్లు తేటగా ఉంటే ఈ చేప పగలంతా పెద్దగా కదలదు, పొద్దుగూకాకే మేతకి వస్తుంది, కాబట్టి మీ గది ఒడ్డుకి ఎంత దగ్గరుంటే అంత మంచిది.

ముందు కాగితాల పని. 13 ఏళ్లు నిండిన ఎవరికైనా ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఇచ్చే రాడ్ లైసెన్స్ (గాలం వేయడానికి అనుమతి) ఉండాలి, ఆన్‌లైన్‌లో నిమిషాల్లో వస్తుంది. అది ఉన్నంత మాత్రాన ఏ ఒడ్డునైనా కూర్చోవచ్చని కాదు, ఆ ఒడ్డు ఏ క్లబ్బుదో వాళ్ల డే టికెట్ వేరే కొనాలి. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల్లో ఈ చేప వేట బంద్.

సామాను గురించి దుకాణం వాళ్లు చాలానే చెప్తారు, అన్నీ కొనక్కర్లేదు. 12 అడుగుల బార్బెల్ రాడ్, 10 నుంచి 12 పౌండ్ల బరువు ఆపే లైన్ (గాలం దారం), పెద్ద చేతివల, చేపని పడుకోబెట్టడానికి మెత్తటి మ్యాట్. రీల్ మాత్రం ఫ్రీస్పూల్ ఉన్నదే తీసుకోండి, చేప లాగితే లైన్ దానంతటదే వదులుతుంది, లేకపోతే రాడ్డే నదిలోకి పోతుంది, ఇది జోక్ కాదు. ఎర అంటే హాలిబట్ పెల్లెట్ అనే చేపల మేత గుళిక, లేదా సూపర్‌మార్కెట్‌లో దొరికే లంచన్ మీట్ (డబ్బా మాంసం). పెల్లెట్‌ని ముల్లుకి గుచ్చరు, ముల్లు వెనక వెంట్రుకలాంటి చిన్న దారానికి కడతారు.

సెవర్న్‌లో బార్బెల్ మొదట్నుంచీ లేదు. 1956లో కెన్నెట్ నది నుంచి 509 చేపల్ని తెచ్చి వదిలితే ఇప్పుడు నది పొడుగునా అవే. బర్మింగ్‌హామ్ నుంచి మామూలు రైల్లో కిడర్‌మిన్‌స్టర్ దిగితే పక్కనే సెవర్న్ వ్యాలీ ఆవిరి రైలు స్టేషన్, అది నది వెంబడే పోతుంది, ఆర్లీలో దిగితే నీళ్లు నాలుగడుగుల దూరం. కారు లేనివాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది గానీ ఆ రైలు రోజూ నడవదు, చివరి బండి చేపలు కదిలే వేళకి ముందే వెళ్లిపోతుంది. అందుకే బ్యూడ్లీలో ఉండటం మేలు. నేను మొదట దిగిన బీ అండ్ బీలో (గది, పొద్దున టిఫిన్ ఇచ్చే ఇల్లు) గది శుభ్రమే, కానీ రాత్రి పదికల్లా లోపలికి రావాలని షరతు, తడి వల వరండాలో పెట్టినా మొహం మాడ్చుకున్నారు. జూన్‌లో పదింటికి అప్పుడే మసక పడుతుంటే ఎలా వస్తాం? తర్వాత ఒక పబ్బు పైగదికి మారాను, కింద గోల ఉంటుంది గానీ సామాను వెనక షెడ్డులో పెట్టుకోనిచ్చారు, పొద్దున్నే టిఫిన్ పొట్లం కట్టిచ్చారు.

ఆ సాయంత్రమే చేప పడింది. రాడ్ కొన రెండుసార్లు వణికి ఆగింది, ఏ ఆకో తగిలిందనుకునేలోపు రాడ్ మొత్తం నదివైపు వంగిపోయి రీల్ కీచుమంది. వలలోకి వచ్చాక చూస్తే కంచు రంగు ఒళ్లు, నారింజ రెక్కలు, కిందికి తిరిగిన మూతికి నాలుగు మీసాలు. ఇది ప్రాణం పెట్టి పోరాడి బాగా అలిసిపోతుంది, వెంటనే వదిలేస్తే వెల్లకిలా తేలిపోతుంది. నీళ్లలోనే ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, తనంతట తాను తోక విదిల్చేదాకా పట్టుకోవాలి, దానికి ఓపిక కావాలి.

వై మీద హెరెఫర్డ్ దగ్గర ఒక రోజు గైడ్‌ని పెట్టుకున్నాను. రాడ్లూ ఎరలూ అన్నీ ఆయనవే. వడి నీళ్లూ నిదానం నీళ్లూ కలిసే గీత ఎక్కడుందో, ఎర అక్కడే ఎందుకు వేయాలో చూపించాడు, ఆ ఒక్క పాఠానికే డబ్బు చెల్లు. ఒక్కో బీట్‌కి (ఒడ్డులో విడగొట్టిన ముక్కకి) కొద్దిమందికే టికెట్లు కాబట్టి ప్రశాంతం, కానీ ముందే బుక్ చేసుకోవాలి, కారు తప్పనిసరి, సామాను మోసుకుంటూ ఆవుల మధ్య నుంచి పొలాలు దాటాలి. ఎండ ముదిరితే నీళ్లు నాచుతో పచ్చబడతాయి. 2023లో ప్రకృతి రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ నేచురల్ ఇంగ్లండ్ ఈ నది పరిస్థితి దిగజారుతోందని ప్రకటించింది కూడా. మండే ఎండల్లో మాత్రం వెళ్లకండి, వేడెక్కిన నీళ్లలో ఈ చేప కోలుకోదు.

ట్రెంట్‌కి న్యూవార్క్ దగ్గర హైవే హోటళ్లు చవక, పార్కింగ్ సులువు, ఎప్పుడొచ్చినా అడిగేవాడు లేడు. బసకి పూర్తి మార్కులు. నది దగ్గరికొస్తే ఒడ్డు నిటారు, వడి ఎక్కువ, బరువైన ఫీడర్ (మేత నింపి లైనుకి కట్టే చిన్న బుట్ట) వేసినా దొర్లుకుంటూ పోతుంది. ఒక సీజన్ సెవర్న్‌లో చేయి తిరిగాక రండి.

పుస్తెలమ్మైనా పులస తినాలనే జాతి మనది, కాబట్టి మనవాళ్లు ఎవరికి ఫొటో పంపినా "పులుసు పెట్టావా?" అనే అడుగుతారు. ఇంగ్లండ్ నదుల్లో 20 సెంటీమీటర్లు దాటిన బార్బెల్‌ని వదిలేయాలని చట్టం. దాని గుడ్లు విషం, తింటే వాంతులూ విరేచనాలూ ఖాయం. పులుసుకి చేప కావాలంటే బర్మింగ్‌హామ్‌లో బంగ్లాదేశీ కొట్లున్నాయి.