ఉడుతపిల్ల కోసం కొన్న హాట్ వాటర్ బ్యాగ్, సిరంజి, పాలపొడి: వాడి చూశాక నా రివ్యూ

రబ్బరు హాట్ వాటర్ బ్యాగ్‌కి అయిదుకి అయిదు. నడుం నొప్పికి, కడుపు నొప్పికి ఇంట్లో పెట్టుకుంటామే, మెడికల్ షాపులో 300 రూపాయల అటూ ఇటూగా దొరుకుతుంది, దాని గురించే చెబుతున్నా. దెబ్బ తగిలిన ఉడుతపిల్ల చేతికొచ్చినప్పుడు అందరూ ముందు పాల కోసం పరిగెడతారు, కానీ మొదటి గంటలో ప్రాణం నిలబెట్టేది ఈ బ్యాగే. దీంతోపాటు తెప్పించిన ఎలక్ట్రిక్ ప్యాడ్, సిరంజి, పాలపొడి, కాటా గురించి కూడా రాస్తున్నా, ఎందుకంటే ఆ టెన్షన్‌లో ఆన్‌లైన్‌లో ఎంత వెతికినా కుక్కపిల్లకి బాగుంది, నడుం నొప్పికి బాగుంది అనే రివ్యూలే కనిపించాయి గానీ, కళ్లు కూడా తెరవని పిల్లకి ఏది పనికొస్తుందో ఒక్కరూ రాయలేదు.

మేముండేది బెంగళూరులో, మారతహళ్లి వైపు. పక్క సైట్‌లో కొబ్బరి మట్టలు కొట్టిస్తుంటే వాటి మధ్య పీచూ దూదీ గుడ్డపీలికలూ పోగేసి కట్టుకున్న గూడు కిందపడింది. పిల్లకి ఇంకా కళ్లు తెరుచుకోలేదు, వీపు మీద మూడు చారలు అప్పుడప్పుడే తేలుతున్నాయి, ముక్కు దగ్గర రక్తం ఎండి ఉంది, వెనక కాలు ఒకటి వాచింది. మన వైపు ఊళ్లలో తిరిగేది ఈ మూడు చారల ఉడుతే, ఉత్తరాదిలో అయిదు చారలది ఉంటుంది. ఒక ఈతలో మామూలుగా రెండు మూడు పిల్లలు పుడతాయి, కళ్లు తెరవడానికి మూడు వారాల దాకా పడుతుంది, తల్లిపాలు పూర్తిగా మానేసరికి సుమారు పది వారాలు. దెబ్బ ఏమీ లేకుండా, ఒళ్లు వెచ్చగా ఉన్న పిల్ల దొరికితే ఇంట్లోకి తేవద్దు. చిన్న డబ్బాలో మెత్తటి గుడ్డ వేసి, అదే చెట్టుకి, పిల్లులకి అందనంత ఎత్తులో కట్టి, దూరంగా జరిగి చూడండి, తల్లి వచ్చి నోట కరుచుకుని తీసుకెళ్తుంది. ఇదంతా పగటిపూట జరగాల్సిందే, ఉడుత చీకటి పడ్డాక బయటికి రాదు. మాకు దొరికిన పిల్లకి ఆ దారి లేకపోయింది, గాయం ఉంది, పైగా ముట్టుకుంటే ఒళ్లు చల్లగా తగిలింది.

ఆ చల్లదనమే గాయం కంటే పెద్ద ప్రమాదం. ఆ వయసులో పిల్ల తన ఒంటి వేడిని తాను కాపాడుకోలేదు, తల్లి ఒళ్లూ తోబుట్టువుల ఒళ్లూ ఆనుకుని ఉంటేనే దానికి వెచ్చదనం. ఒళ్లు చల్లబడితే కడుపు, పేగులు సరిగ్గా పనిచేయవు, అప్పుడు పాలు పడితే అరగక కడుపు ఉబ్బుతుంది, మింగే ఓపిక లేక పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ముందు వేడి, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే పాలు. డిసెంబరు, జనవరిలో ఇక్కడ రాత్రిళ్లు 15 డిగ్రీల దాకా దిగుతాయి, అలాంటి రాత్రి గచ్చు మీద పెట్టిన అట్టపెట్టె ఎంత చల్లబడుతుందో చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇక బ్యాగ్ విషయం. మేం కొన్నది రెండు లీటర్లది, రెండు వైపులా గాడులు గాడులుగా ఉంటుంది, ఆ గాడుల వల్ల గుడ్డ చుట్టినా మధ్యలో కాస్త గాలి నిలిచి వేడి నెమ్మదిగా పైకి వస్తుంది. మరిగే నీళ్లు పోయకూడదు. పిల్ల కాలిపోతుందన్నది ఒకటైతే, రబ్బరూ మూత లోపలి వాషరూ తొందరగా పాడైపోతాయన్నది రెండోది. వేలు పెట్టి ఒక క్షణం ఉంచగలిగేంత వేడి నీళ్లు మూడింట రెండొంతులు పోసి, బ్యాగ్‌ని బల్ల మీద పడుకోబెట్టి మెడ దాకా నీళ్లు వచ్చేలా నొక్కితే లోపలి గాలి పోతుంది, అప్పుడు మూత బిగించాలి. గాలి ఉంటే బ్యాగ్ ఉబ్బి, పైన పెట్టిన డబ్బా ఊగుతూ ఉంటుంది. దాని మీద పాత బనీను రెండు మడతలు వేసి, షూ డబ్బా అడుగు భాగంలో సగం మాత్రమే బ్యాగ్ మీద ఆనేలా పెట్టాలి. మిగతా సగం చల్లగా ఉండాలి, వేడి ఎక్కువైతే పిల్ల పాక్కుంటూ అటు జరగడానికి. మా ఉడుతపిల్ల వాచిన కాలు ఈడ్చుకుంటూనే వెచ్చటి వైపుకి వచ్చి, గుడ్డ మడతలో ముక్కు దూర్చి ముడుచుకుంది, కాసేపటికి పాదాల రంగు తెల్లగా ఉన్నది లేత గులాబీకి తిరిగింది. ఆ రంగు మారడం చూశాక నాకు కాస్త ఊపిరి అందింది.

మూడు నాలుగు గంటలకోసారి నీళ్లు మార్చాలి, రాత్రి అలారం పెట్టుకుని లేవాల్సిందే. చల్లారిన బ్యాగ్ అలాగే వదిలేస్తే అది పిల్ల ఒంటి వేడినే లాగేస్తుంది, అసలు బ్యాగ్ లేనప్పటి కంటే అన్యాయం. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. కొనేటప్పుడు మూత విప్పి వాషర్ చూడండి, ఇంటికి రాగానే నీళ్లు నింపి తలకిందులు చేసి కాసేపు వేలాడదీయండి, చుక్క కారినా మార్చుకోండి, తడిసిన గుడ్డ మీద పడుకున్న పిల్ల మళ్లీ చల్లబడిపోతుంది. కొత్త బ్యాగ్ రబ్బరు వాసన గట్టిగా కొడుతుంది, సబ్బు నీళ్లతో ఒకసారి కడిగితే కొంత తగ్గుతుంది. రాత్రి పదింటికి షాపులు మూసేశాక పిల్ల దొరికితే మాత్రం బ్యాగ్ కోసం ఆగక్కర్లేదు, గట్టి ప్లాస్టిక్ బాటిల్‌లో వేడినీళ్లు పోసి సాక్స్‌లో దూర్చి పెట్టండి, తెల్లారేదాకా అదే పని చేస్తుంది, కాకపోతే తొందరగా చల్లారుతుంది కాబట్టి ఇంకా ఎక్కువసార్లు మార్చాలి.

ఎలక్ట్రిక్ ప్యాడ్‌కి రెండే ఇస్తాను. మనిషి నడుముకి బాగానే ఉంటుందేమో, ఈ పనికి కాదు. మేం తెప్పించినదాంట్లో అన్నిటికంటే తక్కువ సెట్టింగ్ కూడా ఇంత చిన్న ప్రాణికి ఎక్కువే, పైగా కొంతసేపటికి దానంతటదే ఆగిపోతుంది. మనుషులకి అది సేఫ్టీ కోసం పెట్టిన ఏర్పాటు, కానీ మనం నిద్రలో ఉండగా ఆగిపోతే పిల్ల గతి ఏంటి? కరెంటు పోతే సరేసరి. కరెంటుతో ఛార్జ్ చేసే జెల్ పౌచ్‌లు కూడా అంతే, మొదట్లో మరీ వేడి, తర్వాత చల్లారిపోతాయి, మధ్యలో వేడి మన చేతిలో ఉండదు. బల్బు పెట్టండి అని సలహా ఇచ్చేవాళ్లకి ఒక మాట, ఇప్పుడు ఇళ్లలో ఉన్నవన్నీ ఎల్‌ఈడీలు, వాటి వెలుతురు డబ్బాని వెచ్చబెట్టదు. పాత ఫిలమెంటు బల్బు దొరికినా ఆ వేడికి పిల్ల ఒంట్లో తేమ ఆరిపోతుంది.

గుడ్డ సంగతి కూడా చెప్పాలి. స్నానం తువ్వాలు వద్దే వద్దు, దాని పోగుల్లో ఉడుత గోళ్లు చిక్కుకుంటాయి, లాక్కోబోయి కాలు మెలిపడుతుంది. వాచిన కాలున్న పిల్లకైతే మరీ ప్రమాదం. పాత బనీను, పాత టీషర్టు చాలు.

సిరంజికి అయిదు, అదీ సరైనది అడిగి తెచ్చుకుంటేనే. మెడికల్ షాపులో 1 ఎంఎల్ అనగానే చాలాసార్లు ఇన్సులిన్ సిరంజి చేతిలో పెడతారు. దానికి సూది ఊడదు, పైగా గీతలు యూనిట్లలో ఉంటాయి, మన దగ్గర ఎక్కువగా దొరికే 40 యూనిట్ల సిరంజిలో 40 గీతకి 1 ఎంఎల్ అవుతుంది, అర్ధరాత్రి ఈ లెక్క వేసుకోవడం ఎవరివల్లా కాదు. సూది ఊడదీయగలిగే 1 ఎంఎల్ సిరంజి కావాలని స్పష్టంగా అడగండి, పది రూపాయల లోపే కాబట్టి నాలుగైదు తీసుకోండి, ఎందుకంటే నాలుగుసార్లు కడిగేసరికి లోపలి రబ్బరు బిగుసుకుని, నొక్కితే ముందు కదలదు, తర్వాత ఒక్కసారిగా దూసుకుపోతుంది. అలా చిమ్మినది నేరుగా ముక్కులోకి పోతుంది. పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు. బోర్లా, తల కాస్త పైకి ఉండేలా అరచేతిలో పట్టుకుని, పెదవి పక్కన ఒక్కో చుక్కా పెడితే అదే నాకుతుంది. ముక్కులోంచి బుడగ వస్తే వెంటనే ఆపి, తల కిందికి వంచి, దూదితో తుడవాలి.

మొదటి చుక్కలు నీళ్లే. మెడ వెనక చర్మం మెల్లగా పట్టి వదిలితే వెంటనే సర్దుకోకుండా అలాగే నిలబడితే ఒంట్లో నీళ్లు తగ్గాయని అర్థం. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ మొత్తాన్ని దాని మీద చెప్పినన్ని నీళ్లలో కలిపి, గోరువెచ్చగా పట్టాలి. రంగురంగుల డబ్బాల్లో తియ్యగా దొరికే డ్రింకులు దీనికి బదులు కావు.

అనంతపురం నుంచి వచ్చి ఉన్న మా అమ్మ, ఆవుపాలలో సగం నీళ్లు కలిపి దూదితో పిండు నాయనా, మన ఇళ్లల్లో అన్నిటికీ అట్లే పట్టేవాళ్లం అంది. వద్దమ్మా, అందులోని లాక్టోస్ దీనికి అరగదు, విరేచనాలు పట్టుకుంటే ఇంత చిన్న ఒంట్లోని నీళ్లన్నీ పోతాయి అని చెబితే, అయితే వేడినీళ్ల పని నేను చూస్తాలే అని పొయ్యి దగ్గర కూర్చుంది. కుక్కపిల్లల పాలపొడికి మూడు ఇస్తాను. అమెరికాలో ఉడుతల్ని సాకేవాళ్లలో చాలామంది వాడేది ఎస్బిలాక్ అనే కుక్కపిల్లల పాలపొడే, కాబట్టి ఆ దారి సరైనదే. కానీ డబ్బా ఖరీదు ఎక్కువ, ఒక రాత్రికి కావాల్సింది చెంచాడు కూడా కాదు, డబ్బాలో ఇచ్చే చెంచా కుక్కపిల్లల కొలత. పైగా ఉండలు కడుతుంది. చిన్న ఉండ సిరంజి మూతిలో అడ్డుపడితే మళ్లీ అదే ఒక్కసారిగా చిమ్మే సమస్య, అందుకని పలచటి గుడ్డలో వడగట్టాల్సిందే, మిగిలినది పారబోయాల్సిందే. తెల్లారితే రెస్క్యూ వాళ్లకి ఇచ్చేసేటట్టయితే డబ్బా కొనకుండా వాళ్లనే ఫోన్‌లో అడగండి, ఒక్క రాత్రికి వేడి, ఓఆర్‌ఎస్ చాలంటే చాలు. పట్టిన ప్రతిసారీ తర్వాత గోరువెచ్చని తడి దూదితో తోక కింద మెల్లగా తుడవాలి, కళ్లు తెరవని పిల్లకి తల్లి నాకితేనే మూత్రం, విరేచనం అవుతాయి, వాటంతటవి రావు. ఏ ప్యాకెట్ మీదా ఈ ముక్క ఉండదు.

కాటాకి నాలుగు. వంటింటి డిజిటల్ కాటా ఒక గ్రాము తేడా చూపిస్తుంది, పెద్ద ఉడుతే సుమారు 100 గ్రాములు, ఇది 24 గ్రాములు తూగింది, అలాంటప్పుడు ఒక గ్రాము కూడా పెద్ద తేడానే. బంగారం తూచే చిన్న కాటా అయితే ఇంకా మేలు. ఒకసారికి పట్టేది బరువులో 5 శాతం మించకూడదు, అంటే ఈ పిల్లకి 1.2 ఎంఎల్. బరువు తెలియకుండా పాపం ఆకలేస్తోందని ఎంత తాగితే అంత పట్టేవాళ్లు దయచేసి ఈ లెక్క చూసుకోండి.

గాయానికి ఇంట్లో మందు వేయకండి, పారాసెటమాల్ చుక్క కూడా. ఎండిన రక్తాన్ని గోరువెచ్చని ఉప్పునీళ్ల దూదితో మెత్తబరిచి తుడవడం, ఈగలు గుడ్లు పెట్టాయేమో బొచ్చులో చూడటం, చీమలు పట్టకుండా చూసుకోవడం, అంతవరకే మన పని. పిల్లి నోట పడిన పిల్ల అయితే గాటు కనిపించకపోయినా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, పిల్లి ఎంగిలిలోని బ్యాక్టీరియా చాలా తొందరగా రక్తంలోకి పాకుతుంది, యాంటీబయాటిక్ పడాల్సిందే. మనల్ని కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కుని డాక్టర్‌ని అడగాలి, అంతకంటే గ్లౌజులు వేసుకోవడం సుఖం.

దగ్గర్లోని ఒక పెట్ క్లినిక్‌కి ఫోన్ చేస్తే కుక్కలు, పిల్లులే చూస్తాం అని పెట్టేశారు. చూడకపోతే పోనీ, ఎవరికి చేయాలో ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. కాబట్టి ఆ మాట నేనే చెబుతున్నా. కెంగేరి దగ్గర ఉత్తరహళ్లి రోడ్డులో పీపుల్ ఫర్ యానిమల్స్ వాళ్ల వన్యప్రాణుల ఆసుపత్రి ఉంది, నగరంలో గాయపడ్డ పక్షుల్నీ ఉడుతల్నీ కోతుల్నీ పాముల్నీ చూస్తారు. చెన్నైలో ఉన్నవాళ్లు వేళచ్చేరి దగ్గరి బ్లూ క్రాస్‌ని అడగొచ్చు. పిల్ల కోలుకుంది కదా, పెంచుకుందాం అనే ఆలోచన రానివ్వకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం సంగతి పక్కన పెట్టినా, ఒంటరిగా మనిషి చేతుల్లో పెరిగిన ఉడుతకి పిల్లి అంటే భయం ఉండదు, గింజలూ పప్పులూ మాత్రమే తినిపిస్తే కాల్షియం తగ్గి ఎముకలు మెత్తబడతాయి. తోటి పిల్లల మధ్య పెరిగితేనే అది ఉడుతగా బతుకుతుంది.

అప్పజెప్పేటప్పుడు డబ్బా మూత మీద ఒక కాగితం అతికించండి. ఎక్కడ దొరికింది, ఎన్ని గంటలకి, ఏం పట్టారు, ఎంత, బరువెంత, మూత్రం అయిందా, ఇవన్నీ రాయండి, వదిలేటప్పుడు దొరికిన చోటికి దగ్గర్లో వదలడం మేలు కాబట్టి వీధి పేరు కూడా. మారతహళ్లి నుంచి కెంగేరి అంటే సిల్క్ బోర్డు జంక్షన్ దాటాలి, ఆ ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు, అందుకని బయల్దేరేముందు బ్యాగ్‌లో నీళ్లు మార్చి డబ్బా కింద పెట్టుకోండి, ఫ్లాస్కులో ఇంకో విడత వేడినీళ్లు కూడా తీసుకెళ్లండి.