టాక్‌బ్యాక్‌తో మూడేళ్లు: మా మావయ్యకి ఫోన్ ఎలా వచ్చిందంటే

మా మావయ్యకి 72 ఏళ్లు, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసిన మనిషి. నీటికాసులతో చూపు దాదాపు పోయింది, ఇప్పుడు వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. టాక్‌బ్యాక్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందే ఉంటుంది, తెర మీద ఉన్నది చదివి చెబుతుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఆయనకి అది నేర్పి మూడేళ్లయింది.

మొదటి పది రోజులు ఇద్దరికీ టెన్షనే. ఇందులో ఒకసారి ముట్టుకుంటే పేరు చదువుతుంది, రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుంది, ఆ రెండుసార్లూ ఆ బొమ్మ మీదే తట్టక్కర్లేదు, తెర మీద ఎక్కడ తట్టినా సరే. ఈ ఒక్క ముక్క ఎక్కడానికి వారం పట్టింది, తప్పు నాదే, ఆయన తడబడగానే ఫోన్ లాక్కుని నేనే నొక్కేసేవాణ్ణి. "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు నొక్కితే నీకొస్తది గానీ నాకెలా వస్తదిరా?" అని కసిరాక చేతులు కట్టుకుని అరుగు మీద కూర్చోవడం నేర్చుకున్నాను. ఆయన తట్టడం మరీ నిదానం, ఫోన్ దాన్ని రెండు విడి తాకిళ్లనుకునేది, అందుకని ముందు బల్ల మీద టకటకా తట్టించాను. వేళ్లకి చెమటుంటే అసలు పలకదు, మన ఎండాకాలం ఉక్కలో పక్కన పొడి తువ్వాలు ఉండాల్సిందే. మాట వేగం కూడా బాగా తగ్గించి మొదలుపెట్టాం, ఇప్పుడాయన పెట్టుకునే వేగం నాకే అందదు.

బాగా పనికొచ్చింది రెండు వేళ్లతో రెండుసార్లు తట్టడం. ఫోన్ మోగితే తెర మీద ఎక్కడ అలా తట్టినా ఎత్తుతుంది, మళ్లీ తడితే పెట్టేస్తుంది, బటన్ వెతుక్కునే పని లేదు. ఇక వాట్సాప్ వాయిస్ మెసేజీలు, రోజూ పొద్దున్నే పాత స్నేహితులు కొబ్బరి రేటు అందులోనే చెబుతారు. వాళ్లతో మళ్లీ బేరాల కబుర్లు మొదలయ్యాక ఆయన మొహంలో వచ్చిన కళ చూసి అత్తయ్య ఏడ్చేసింది.

నోట్ల కోసం రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన మణి యాప్ వేశాను. 200 నోటుకీ 500 నోటుకీ పొడవులో తేడా 4 మిల్లీమీటర్లే, వేలితో ఏం తెలుస్తుంది? కెమెరా ముందు పెడితే ఎంత నోటో చెబుతుంది, నెట్ అక్కర్లేదు. కాకపోతే చీకట్లో తడబడుతుంది, లైటు కింద పట్టుకోమని చెప్పాను.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగుని ఘోరంగా చదువుతుంది, అందుకే మా ఇంట్లో పిల్లలందరికీ మావయ్యకి తెలుగు లిపిలోనో గొంతుతోనో పంపమని చెప్పేశాను. గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపితే "ఫోటో" అంటుంది, అందులో రాసింది ఆయనకి చేరదు. కొన్ని యాప్‌లలో బటన్లకి పేరే ఉండదు. మా వాళ్లు వాడే ఒక బ్యాంకు యాప్‌లో డబ్బు పంపే చోట ఇదే గొడవ, మూడేళ్లలో మారలేదు, నాకు నిజంగా కోపం వస్తుంది, ఆ ఒక్క పనికి ఆయన తన పిన్ ఇంకొకరికి చెప్పాల్సొస్తోంది.

ఒకసారి నేను ఊళ్లో లేనప్పుడు ఫోన్ "పలకట్లేదని" షాపుకి తీసుకెళ్తే, ఒక్కసారి ముట్టుకుంటే ఏదీ తెరుచుకోవట్లేదని అక్కడి కుర్రాడు మొత్తం చెరిపేయబోయాడు. అసలు జరిగింది సౌండు తగ్గిపోవడం, అంతే. అప్పట్నుంచి సౌండు పెంచే బటన్ మీద అత్తయ్య స్టిక్కరు బొట్టు ఒకటి అంటించింది, ఊడినప్పుడల్లా మారుస్తుంది.