మెట్లు దిగడానికి తెప్పించిన కర్రల జత: మూడు నెలలు వాడాక

ఎక్కేటప్పుడు ఆయాసమే, మోకాలు పట్టేసేది దిగేటప్పుడు. మాది తిరుపతే, కొండకి ఎన్నిసార్లు నడిచి వెళ్లానో లెక్కలేదు, కానీ యాభై దాటాక కుడి మోకాలి చిప్ప కింద పోటు మొదలైంది. డాక్టరు ఎక్స్‌రే చూసి అరుగుదల మొదలైంది, నడక మాత్రం మానొద్దు, తొడ కండరాలు గట్టిపడాలి అన్నారు. పిల్లలతో తలకోన అడవిలో నడవాలని ఎప్పటినుంచో ఉంది. అందుకే 1,400 పెట్టి, ట్రెక్కింగ్‌కి వాడే అల్యూమినియం కర్రలు ఒక జత ఆన్‌లైన్లో తెప్పించాను.

ముందు శ్రీవారి మెట్టు, 2,388 మెట్లు, దూరం తక్కువే కానీ నిటారు. తర్వాత అలిపిరి, 3,550. ఎక్కడానికి కర్రలు పెద్దగా అక్కర్లేదు, దిగేటప్పుడే వాటి విలువ తెలుస్తుంది. చదునులో మోచెయ్యి ఎల్ ఆకారంలో వంగేంత పొడవు చాలు, దిగేటప్పుడు ఇంకో నాలుగు వేళ్లు పెంచాలి. నేను మొదటిరోజు పెంచలేదు, ప్రతి మెట్టుకీ ముందుకు వంగి వంగి నడుం పట్టేసింది. కింది మెట్టు మీద ముందు రెండు కర్రలూ ఆనించి, బరువు చేతుల మీద వేసి, ఆ తర్వాత కాలు దించితే మోకాలికి ఆ ‘టక్’మనే దెబ్బ తగలదు.

కానీ కర్ర పొడవు మారకుండా పట్టి ఉంచే లాక్ బాగాలేదు. తిప్పి బిగించే రకం. అలిపిరి దారిలో నిటారుగా ఉండే మోకాళ్ల మిట్ట దిగుతుండగా ఎడమ కర్ర బరువుకి సర్రున లోపలికి జారిపోయింది, ముందున్న తమ్ముడి భుజం దొరికింది కాబట్టి సరిపోయింది. అమ్మినవాళ్లకి రాస్తే తుడిచి మళ్లీ బిగించుకోండి అన్నారు, అంతే. మోకాళ్ల నొప్పులవాళ్లు కొనే వస్తువుకి ఇదేం సమాధానం! కర్రల చివర ఉండే రబ్బరు తొడుగులు కూడా రెండు నెలలకే అరిగాయి, అవి లేకపోతే లోపలి ఇనుప మొన రాతి మీద జారుతుంది.

కర్రలు కొంటే చాలనుకోకండి. ఇంట్లో కింది మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, రెండో మడమ నేలకి తగిలేదాకా మెల్లగా దించడం, కాలికి పదేసి చొప్పున మూడుసార్లు, నాకు అసలు తేడా తెచ్చింది అదే. అది చేస్తే నొప్పి పెరిగేవాళ్లు ముందు డాక్టరుకి చూపించుకోండి.

ఐదుకి మూడు. క్లిప్పు లాక్ ఉన్న జత మెట్ల మీద వాడినవాళ్లుంటే చెప్పండి, తలకోనకి ముందే మార్చేస్తాను.