స్విఫ్ట్ వెనక షాకబ్జర్లు: 42 వేల కిలోమీటర్లు నడిపాక

నాది 2012 మోడల్ స్విఫ్ట్ డీజిల్. వారానికి రెండుసార్లు గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లి వస్తాను. వెనక షాకబ్జర్లు ఇప్పటికి రెండుసార్లు మార్చాను. మొదటిసారి చేసింది శుద్ధ తెలివితక్కువ పని.

కారుతో వచ్చిన కంపెనీవి 86 వేల కిలోమీటర్ల దాకా వచ్చాయి. చివర్లో స్పీడ్ బ్రేకర్ దిగితే వెనక భాగం రెండు మూడుసార్లు ఊగేది. "ఇది కారా, పడవా?" అనేది అమ్మ. వంగి చూస్తే కుడివైపు దాని ఒంటి నిండా నూనె, దాని మీద దుమ్ము పేరుకుని బురద. కాస్త తేమ ఉంటే పర్లేదు గానీ ఇలా కారుతుంటే ఇక మార్చాల్సిందే. వెనక టైర్లు నిమిరితే చేతికి ఎగుడుదిగుడుగా తగిలేవి.

ఆటోనగర్‌లో ఒకాయన రీకండిషన్ జత, అంటే పాతవాటిని బాగుచేసినవి, చూపించాడు. నల్లరంగు వేసి నిగనిగలాడుతున్నాయి. "నొక్కి చూడండి సార్, రాయి!" నొక్కాను, నిజంగా రాయే. గట్టిగా ఉంటే మంచివే అనుకుని 1,400 ఇచ్చేశా. చిన్న గుంటకే నడుము అదిరేది. ఏడో నెలకి మళ్లీ పడవ. విప్పించి నొక్కితే రాడ్ సగం దాకా అడ్డు లేకుండా జారి, ఆ తర్వాత 'తుస్సు'మంది. చిక్కటి నూనె పోసి గట్టిగా చేస్తారట, మా మేస్త్రీ అప్పుడు చెప్పాడు!

2022లో గాబ్రియేల్ బ్రాండ్ గ్యాస్ షాకబ్జర్లు వేయించాను. జత, బంప్ స్టాపులు (రాడ్ పూర్తిగా దిగినప్పుడు దెబ్బ తగలకుండా ఆపే ముక్కలు), కూలీ కలిపి 4,700 అయింది. చేత్తో నొక్కితే మెత్తగా అనిపించి మళ్లీ మోసపోయానా అని టెన్షన్ పడ్డా. రాడ్ నున్నగా దిగింది, వదిలితే దానంతట అదే మెల్లగా పైకొచ్చింది. లోపల గ్యాస్ ఉంటే అలాగే వస్తుంది. ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ దిగితే ఒక్క ఊపు, అంతే. అయితే నలుగురెక్కి డిక్కీలో రెండు బియ్యం బస్తాలు వేస్తే వెనక ఇప్పటికీ కుంగుతుంది. బరువు మోసేది స్ప్రింగు, షాకబ్జర్ ఆ ఊగులాటను ఆపుతుంది. దాన్ని తిట్టి లాభం లేదు.

వేయించిన వారానికే వెనక కిర్రుమని చప్పుడు. షాకబ్జర్లే పోయాయనుకున్నా. తీరా చూస్తే బిగించిన కుర్రాడు కారు జాకీ మీద ఉండగానే, చక్రాలు వేలాడుతుండగానే కింది బోల్టు పూర్తిగా బిగించేశాడు. కారు దించగానే ఆ బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్ మెలితిరిగిపోయింది. మేస్త్రీ బోల్టు వదులు చేసి, బండి నాలుగు చక్రాల మీద ఉండగా మళ్లీ బిగించాడు. చప్పుడు పోయింది. పని చేయించేటప్పుడు పక్కనే నిలబడి ఈ ఒక్కటీ చూసుకోండి. రెండువైపులా ఒకేసారి మార్చండి.

ఇవి వేసి 42 వేల కిలోమీటర్లు నడిపాక మొన్న సర్వీసులో చూశాను, చుక్క నూనె లేదు, కొత్త టైర్లు సమంగా అరుగుతున్నాయి. ముందువైపు మాత్రం ఇప్పుడు టకటక మొదలైంది. అవి స్ట్రట్లు, అంటే షాకబ్జర్, స్ప్రింగు కలిసే ఉంటాయి. స్ప్రింగు నొక్కిపట్టి విప్పాలి, కూలీ ఎక్కువ. సంక్రాంతి అయ్యాక చూడాలి.