శరణార్థి పిల్లల్లో అభ్యసన వైకల్యం: ప్రత్యేక తరగతా, సాధారణ తరగతా?

శరణార్థి కుటుంబం నుంచి వచ్చిన పిల్లవాడు బడిలో చేరి ఏడాది దాటినా చదవలేకపోతుంటే, అతణ్ని ప్రత్యేక తరగతికి పంపాలా, సాధారణ తరగతిలోనే ఉంచి ప్రత్యేక ఉపాధ్యాయుని సాయం అందించాలా అన్న ప్రశ్న వస్తుంది. మూడో దారి కూడా ఉంది. ‘ముందు భాష రానీ, తర్వాత చూద్దాం’ అని ఆగడం.

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ ఆగడమే. కొత్త భాషలో మాటామంతీ ఒకటి రెండేళ్లలో వచ్చినా, పాఠం అర్థం చేసుకునేంత పట్టు రావడానికి 5 నుంచి 7 ఏళ్లు పట్టవచ్చునని భాషావేత్త జిమ్ కమిన్స్ పరిశోధనలు చూపాయి. డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన వైకల్యం) ఉన్న పిల్లవాణ్ని అన్నేళ్లూ అలా వదిలేస్తే చదువు మీద ఆశే చచ్చిపోతుంది. అలాగని తొందరపడి ముద్ర వేయడమూ తప్పే. కుడి నుంచి ఎడమకు సాగే అరబిక్ లిపికి అలవాటుపడిన అమ్మాయి కొత్త అక్షరాలను తారుమారు చేసినంత మాత్రాన అది వైకల్యం కాదు. యుద్ధం చూసి, రాత్రుళ్లు నిద్రపట్టని పిల్లవాడికి పాఠం మీద ధ్యాస నిలవకపోవడమూ అంతే. అందుకే వైకల్యం ఉందో లేదో తేల్చే పరీక్ష మాతృభాషలో, దుబాసీ సాయంతో జరగాలి. బిడ్డ విన్న కథను వరుస తప్పకుండా చెప్పగలుగుతోందా, ఒక మాటలోని ధ్వనులను విడదీయగలుగుతోందా అని చూడాలి. తోబుట్టువులకన్నా మాటలు ఆలస్యంగా వచ్చాయా అని తల్లిని అడగాలి. ఇబ్బంది సొంత భాషలోనూ కనిపిస్తే అప్పుడు వైకల్యాన్ని అనుమానించాలి.

ప్రత్యేక తరగతిలో పిల్లలు తక్కువ, గురువుకు శిక్షణ ఎక్కువ. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడే పిల్లలకు అక్కడి నెమ్మది నిజంగా అవసరం. కానీ కొత్త భాష ముఖ్యంగా తోటిపిల్లలతో ఆడుతూ, పోట్లాడుతూ వస్తుంది. ఆ అవకాశం అక్కడ కుంచించుకుపోతుంది. ఇప్పటికే ఊరు, ఇల్లు వదిలివచ్చిన బిడ్డను మళ్లీ వేరుచేయడం నాకు మింగుడుపడదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువుపై 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో వెలువడిన అంతర్జాతీయ ప్రకటన, 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 24వ అధికరణం కూడా సహిత విద్యనే, అంటే అందరు పిల్లలనూ ఒకే తరగతిలో కలిపి చదివించడాన్నే, కోరుతున్నాయి.

అయితే సాయం లేని సాధారణ తరగతి ప్రత్యేక తరగతికన్నా హీనం. వెనక బెంచీలో కూర్చోబెట్టి సహిత విద్య అనడం ఆ పిల్లవాడికి అన్యాయమే. రోజూ కొంతసేపు చిన్న బృందంలో ధ్వనులు, అక్షరాలు నేర్పే ప్రత్యేక ఉపాధ్యాయుడు, బడి పరీక్షల్లో అదనపు సమయం, ఇంటివారితో మాట్లాడేందుకు దుబాసీ ఉన్నచోట నేను సాధారణ తరగతినే ఎంచుకుంటాను. తీవ్రమైన మేధో వైకల్యం ఉన్న పిల్లల విషయంలో ఈ నిర్ణయాన్ని విడిగా ఆలోచించాలి.

ఏ దారి ఎంచుకున్నా వైకల్య పరీక్ష ఫలితాల ప్రతి ఒకటి తల్లిదండ్రుల చేతికి ఇవ్వాలి. రేపు వారు మరో ఊరికి, మరో దేశానికి మారవలసివస్తే, గుర్తింపు పత్రాలతోపాటు ఆ కాగితమూ సంచిలో ఉంటే, కొత్త బడిలో ఆ బిడ్డ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు.