డెలివరీ ఖర్చులకి బ్యాంకు ఆర్డీ: రెండు వేశాం, వాటిలో ఒకటి మాత్రమే సమయానికి అందింది

ముందే చెప్తున్నాను, వడ్డీ కోసం చూసేవాళ్ళకి ఈ రివ్యూ పనికిరాదు. ఆర్డీ అంటే నెలనెలా ఒకే మొత్తం కట్టే రికరింగ్ డిపాజిట్. నెలకి 9 వేల చొప్పున ఆరు నెలలు కట్టాను, 54 వేల మీద వడ్డీ వెయ్యి రూపాయలు కూడా రాలేదు. అయినా ఇంకో బిడ్డ కోసం దాచాల్సి వస్తే మళ్ళీ ఇదే వేస్తాను. కాన్పు డబ్బు ఫలానా తేదీకి చేతిలో ఉండాలి, అంతే.

మాది పాలకొల్లు. నేను భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, జీతం 28 వేలు. మా ఆయనకి ఊళ్ళోనే సెల్‌ఫోన్ రిపేరు షాపు, షట్టర్ దించిన రోజున రూపాయి రాదు. జనవరిలో విషయం తెలిసింది, డాక్టరుగారు ఆగస్టు మూడో వారం అన్నారు. తొలి కాన్పు పుట్టింట్లో కదా, కానీ మా పుట్టిల్లు చించినాడ వంతెన దాటాక రాజోలు వైపు లంకలో ఉంది. ఆగస్టులో గోదావరి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 2022 జులైలో 25 లక్షలు దాటింది, అప్పుడు మా అమ్మావాళ్ళు పడవెక్కి బయటికొచ్చారు. నెలలు నిండిన మనిషిని అక్కడ ఉంచే ధైర్యం ఎవరికీ లేదు. అమ్మే మా దగ్గరికి వచ్చి ఉండేలా మాట్లాడుకున్నాం, దాంతో పుట్టింటివాళ్ళు పెట్టుకునే ఖర్చులో చాలా భాగం మామీదికి వచ్చింది.

మావయ్యగారు "పోస్టాఫీసులో కట్టమ్మా, వడ్డీ ఎక్కువ" అన్నారు. నిజమే, అప్పుడు ఆర్డీ మీద 6.7 శాతం ఇస్తున్నారు. కానీ అది అయిదేళ్ళ ఆర్డీ, మూడేళ్ళు నిండకుండా మూసే వీల్లేదు, ఏడాది కడితే దాని మీద అప్పు ఇస్తారు. ఆగస్టులో ఆపరేషన్ థియేటర్ ముందు నిలబడ్డప్పుడు అది ఎలా పనికొస్తుంది? మా వీధిలో చీటీ కూడా ఉంది, కావాల్సిన నెలలో పాడుకోవచ్చు, కానీ ఆ నెలలో ఇంకొకరికీ అవసరం వస్తే పాట పెరిగిపోతుంది, చేతికొచ్చేది తగ్గిపోతుంది. మెటర్నిటీ ఉన్న ఇన్సూరెన్స్ అడిగితే రెండేళ్ళు ఆగాలన్నారు. అది పెళ్ళైన కొత్తలోనే తీసుకోవాల్సింది, ఇది చదివే కొత్త జంటలు దయచేసి ఇప్పుడే కనుక్కోండి.

అలా బ్యాంకు ఆర్డీకి వచ్చాం. ఫిబ్రవరి 5న రెండు తెరిచాను, యాప్‌లో పది నిమిషాల పని. ఒకటి 9 వేలతో ఆరు నెలలకి, ఆగస్టు 5న ఆసుపత్రి కోసం. రెండోది 4 వేలతో పన్నెండు నెలలకి, నేను మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు పాపని చూసుకునే ఆయా కోసం.

సెలవు లెక్క కూడా దీనికి కలిపి చూసుకోవాలి. ప్రసూతి సెలవు చట్టానికి 2017లో చేసిన సవరణ నుంచి మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది, అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకి ముందే వాడుకోవచ్చు. ముందరి పన్నెండు నెలల్లో 80 రోజులు పని చేసి ఉండాలి. జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్ఐలో (ప్రభుత్వ ఉద్యోగుల బీమా పథకం కాదు, కార్మికుల బీమా) ఉన్నవాళ్ళకి ఆ డబ్బు ఈఎస్ఐ నుంచి వస్తుంది, నాలాంటివాళ్ళకి కంపెనీయే ఇవ్వాలి. కాన్పుకి ముందు కాలానికి ముందుగానే, మిగతాది బిడ్డ పుట్టిన రుజువు ఇచ్చిన 48 గంటల్లో ఇవ్వాలని చట్టం చెప్తోంది. మా కంపెనీ నెలనెలా జీతంలాగే వేసింది, పైగా మొదటి నెల ఇరవై రోజులు ఆలస్యం. కంపెనీలో ఉచిత వైద్యం లేకపోతే ఇవ్వాల్సిన 3,500 మెడికల్ బోనస్ కూడా నేను అడిగాకే వచ్చింది, కాబట్టి మొహమాటపడకుండా అడగండి. ప్రైవేటులో మగవాళ్ళకి ఇలాంటి సెలవు చట్టంలోనే లేదు, ఇక సొంత షాపు సంగతి చెప్పేదేముంది! మా ఆయన పది రోజులు షాపు మూశారు, ఆ రాబడి పోతుందని ముందే లెక్కలో రాసుకున్నాం. ఆ పది రోజులు ఆయన పక్కన ఉండటం నాకు ఎంత బలమో మాటల్లో చెప్పలేను.

ఆగస్టు 5న పొద్దున్నే డబ్బు నా సేవింగ్స్ ఖాతాలో పడింది, ఫారం లేదు, సంతకం లేదు. ఇక్కడిదాకా పూర్తి మార్కులు. కానీ ఒక తప్పు జరిగింది, దీనికోసమే ఈ రివ్యూ రాస్తున్నాను. ఖాతా నా ఒక్కదాని పేరు మీదే ఉంది. పద్నాలుగో తారీఖు రాత్రి నొప్పులు మొదలై ఆసుపత్రికి వెళ్తే 20 వేలు అడ్వాన్సు కట్టమన్నారు. నా ఏటీఎం కార్డు ఇంట్లో, ఫోన్ లాక్ వేసి బ్యాగులో, నేను లేబర్ రూములో. డబ్బుండి కూడా మా ఆయన తమ్ముణ్ణి నిద్రలేపి అడగాల్సి వచ్చింది. ఆపరేషన్, గది, మందులు కలిపి 52 వేలు అయింది, అది మర్నాడు నేనే ఫోన్‌లో కట్టాను. మీరు మాత్రం ఇద్దరి పేర్ల మీద, ఎవరైనా తీసుకునేలా ఉన్న ఖాతాకి ఆర్డీ కలపండి, లేదా డబ్బు పడిన రోజే సగం రెండోవాళ్ళ ఖాతాకి పంపెయ్యండి.

రెండో ఆర్డీలో పొరపాటు నాదే. జులై మధ్యలో సెలవు పెట్టాను, 26 వారాలు సరిగ్గా సంక్రాంతికి అయిపోయాయి. ఆర్డీ వచ్చేది ఫిబ్రవరి 5న. ఆయాకి అడ్వాన్సు, మొదటి నెల డబ్బులు కలిపి ఆ మూడు వారాలు చాలా ఇబ్బందిపడ్డాం. తొమ్మిది నెలలకి వేసి ఉంటే నవంబరులోనే వచ్చి సేవింగ్స్‌లో ఆగేది. ఎప్పుడు వేస్తున్నామన్నది కాదు, సెలవు అయిపోయే తేదీ క్యాలెండర్‌లో పెట్టుకుని అక్కడినుంచి వెనక్కి లెక్కేసుకోండి.

టీకాలకి ఏమీ దాచక్కర్లేదు, జాతీయ పట్టికలో ఉన్నవన్నీ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, మా ఆశా అక్క తేదీలు గుర్తుచేసి మరీ పిలుస్తుంది. ఉద్యోగం లేని మా తోటికోడలికి తొలి కాన్పుకి కేంద్రం ఇచ్చే 5 వేలు అంగన్‌వాడీ ద్వారా రెండు విడతల్లో వచ్చాయి. పాప పేరున సుకన్య ఖాతా 250తో తెరిచాం, వడ్డీ 8.2 శాతం బాగుంది, కానీ అది పెద్ద చదువుల డబ్బు, నేను ఉద్యోగంలో కుదురుకున్నాకే పెంచాను.

అయిదుకి నాలుగు. ఇప్పుడు కొత్త ఆర్డీ నడుస్తోంది, ఇద్దరి పేర్ల మీద, వాయిదా నా జీతం పడిన మర్నాడే పోతుంది.