విక్కా: బృందంలోనా, ఒంటరిగానా?

ఇంగ్లండులో పాత మంత్రవిద్యా చట్టం 1951లో రద్దయ్యాక జెరాల్డ్ గార్డ్‌నర్ లోకానికి పరిచయం చేసిన మతం విక్కా. మంత్రగత్తె అనగానే మనకు చేతబడి, దిష్టి నిమ్మకాయలు గుర్తుకొస్తాయి. విక్కాలో మంత్రవిద్య అంటే పౌర్ణమి పూజ, ఋతువుల పండుగ.

కోవెన్ అనే బృందంలో చేరాలంటే దీక్ష తప్పదు. గార్డ్‌నర్ సంప్రదాయంలో మూడు అంచెలు. నల్లపిడి కత్తితో గాలిలో వలయం గీసి, అందరూ అందులో నిలబడతారు. నేర్పే పెద్దలుంటారు, వారితో పేచీలూ ఉంటాయి!

ఒంటరి సాధకులకు ఇదేదీ అక్కర్లేదు. కిటికీ దగ్గర కొవ్వొత్తి, గిన్నెలో ఉప్పు, ఒక నోటుపుస్తకం చాలు. మంత్రం తప్పు చదివినా దిద్దేవారు ఉండరు. ఆఫీసు నుంచి అలసి వచ్చేవారికి ఇదే నయమంటాను. పదిమందితో ఆడిపాడే సందడి మాత్రం దొరకదు.